వదినె పేరున ఒక్క షేరు

మొన్న శ్రావణంలో దగ్గరివాళ్ళ పెళ్ళికని జగిత్యాల నుంచి సిరిసిల్ల వెళ్ళాను. పెళ్ళి ఊరి బయట కొత్తగా కట్టిన ఫంక్షన్ హాల్లో. నేను కాపురానికి వచ్చిన రోజుల్లో అది నిజంగానే ఊరి బయట, ఇప్పుడు దాని అవతల కూడా ఊరే. లోపల అద్దాలు, ఏసీలు, గోడ నిండా కాగితప్పూలు. పళ్ళెం పట్టుకుని భోజనాల వరుసలో నిలబడి, పెరుగన్నం దాకా ఎప్పుడు చేరతానా అని చూస్తుంటే, వెనక తలుపులోంచి మానేరు వైపు జారుగా దిగిపోయే నేల కనబడింది. ఆ జారు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు దాని మీదుగా మా మిల్లు గంజినీళ్ళు పారేవి. అంటే నేను నిలబడ్డది మా సైజింగు మిల్లులో. "ఇక్కడ బాయిలరుండేది" అని పైకే అనేశాను. ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి, "వేడినీళ్ళు గావాల్నా అమ్మమ్మా, తెప్పియ్యాల్నా?" అంది. వద్దు బిడ్డా అన్నాను. ఈ స్థలంలో ఒక్క షేరు కోసం ఒకే ఇంటివాళ్ళం కోర్టుకెక్కామనీ, ఆ ఏళ్ళలో నేను పడ్డంత కడుపుమంట జన్మలో మళ్ళీ పడలేదనీ పప్పు వడ్డించుకుంటూ చెప్పగలిగే సంగతి కాదు కదా.

సైజింగు అంటే తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. సిరిసిల్లలో కరెంటు మగ్గాలను సాంచెలంటారు. సాంచె మీదికి ఎక్కించే ముందు నూలుకు గంజి పట్టించి, ఆరబెట్టి, పెద్ద ఇనుప దిమ్మెలకు చుట్టాలి. గంజి పట్టని పోగు సాంచె దెబ్బకు నిలవదు, పుటుక్కున తెగుతుంది. ఆ పని చేసే మిల్లు మాది. చింతగింజల పిండీ మక్కపిండీ కలిపి ఉడికించే వాసన ఇంటిదాకా వచ్చేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ వాసనకు నాకు ముద్ద దిగేది కాదు. ఏడాది తిరిగేసరికి, పుట్టింటికి జగిత్యాల పోతే ఆ వాసన లేక నిద్ర పట్టేది కాదు. అలవాటు మనిషిని ఎంత తొందరగా లొంగదీసుకుంటుందో చూడండి. మా మామ చిన్నతనంలోనే షోలాపూర్ పోయి, అక్కడి మిల్లుల్లో పని నేర్చుకుని, తిరిగి వచ్చి ఈ మిల్లు పెట్టాడు. ఊళ్ళో మిగతా మిల్లులన్నీ యజమానుల పేర్లతో ఉంటే, కరీంనగర్ ఆడిటరు ఒకాయన మాట విని మామ దీన్ని ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ చేశాడు. గేటు మీద ఆ అక్షరాలు రాయించిన రోజు వాటిని పదిసార్లు పైకి చదువుకున్నాడట. పోయేముందు తన వాటా అంతా ఇద్దరు కొడుకులకు చెరి సగం రాశాడు. సరిగ్గా సమానంగా. మిగిలిన ఒకే ఒక్క షేరు కూతురి పేరున ఉంచాడు. అప్పట్లో దాన్ని మేమెవరం పట్టించుకోలేదు. ఆడబిడ్డకు ముక్కుపుడక పెట్టినట్టు పెట్టాడులే అనుకున్నాం.

ఆ కూతురే మా వదినె. ముగ్గురిలో పెద్దది, తమ్ముళ్ళిద్దరికీ అక్క. ఆమెను జగిత్యాల అవతల ఒక ఊళ్ళో బడిపంతులుకు ఇచ్చారు. ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతి రోజులు అవి. పల్లెల్లో సంఘాలు, దొరల గడీల ముందు ఎర్రజెండాలు, వెనకే పోలీసు క్యాంపులు. ఆ పంతులు ఒకనాడు బడికని పోయి మళ్ళీ ఇంటికి రాలేదు. లోపలికి పోయిండని చెప్పుకున్నారు. ఆ రోజుల్లో లోపలికి అంటే ఎక్కడికని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. వదినె కొన్నాళ్ళు అత్తగారింట్లో చూసి, పోలీసుల రాకపోకలకు వాళ్ళు భయపడుతుంటే, ఒక ట్రంకు పెట్టెతో తండ్రి ఇంటికి వచ్చేసింది. బొట్టు తియ్యలేదు, మట్టెలు తియ్యలేదు. వెనక గదిలో ఉంటూ రెండు కాపురాలకూ వంట చేసేది. మొగుడు నేర్పిన చదువు కాబట్టి పేపరు మొదటి నుంచి చివరిదాకా చదివేది. అందులో ఏం వెతుకుతుందో మాకు తెలుసు. మిల్లుకు సద్ది పట్టుకుని పోతే కార్మికులు నోట్లోంచి బీడీ తీసి పక్కకు జరిగేవాళ్ళు. మిల్లు యజమాని కోడలినైన నాకు ఆ మర్యాద లేదు. అది నాకు మొదటి నుంచీ గుచ్చుకునేది.

ఇక మా యారాలి సంగతి. యారాలంటే తోడికోడలు, మా బావ భార్య. కోరుట్ల బిడ్డ. వాళ్ళ అన్నకు కోరుట్ల బజార్లో పెద్ద బట్టల దుకాణం. ఏ పండగకైనా చీరల మూట విప్పకముందే మంచిది ఈమె ఒంటి మీద ఉండేది. నేను జగిత్యాల నుంచి కుట్టుమిషను తెచ్చుకుంటే, నెల తిరగకుండా ఆమెకు మోటారు కుట్టుమిషను వచ్చింది. నా గోడ మీద మల్లెతీగ పూస్తే ఆమె గోడ మీద కాగితప్పూల తీగ లేచింది. ఆమె సర్వపిండి చేస్తే వాడకట్టంతా చెప్పుకునేది, నా పచ్చిపులుసును మా ఆయన తప్ప మెచ్చుకున్నవాడు లేడు. ఆయన మెచ్చుకోలు కూడా, నిజం చెప్పాలంటే, రెండోసారి పోయించుకోవడం వరకే. ఇద్దరం ఒకరినొకరం పల్లెత్తు మాట అనుకోలేదు. అక్కా అంటే చెల్లె అనేది. ఆ పిలుపుల కింద ఏం ఉడుకుతుందో మాకే తెలుసు.

మగవాళ్ళు మాత్రం తక్కువా? మా బావ మెట్రిక్ దాకా చదివాడు. తెల్ల సఫారీ వేసుకుని, ముందు గదిలో కూర్చుని, నూలు వ్యాపారులతో ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాడు. మా ఆయన లుంగీ ఎగ్గట్టి, మోచేతుల దాకా గంజితో బాయిలరు దగ్గర. ఏ గంజి ఎంత చిక్కగా ఉండాలో వేలు ముంచి చెప్పేవాడు. ఊళ్ళో మాత్రం అది పెద్దసేటు మిల్లే. పద్మశాలి సంఘం సభలో బావకు శాలువా కప్పిన రోజు మా ఆయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయాడు. అటు బావకేమో, కార్మికులు కష్టమొస్తే చిన్నసేటు దగ్గరికే పోతారని మంట. ఒకే తల్లి పిల్లలు. ఒకరికి పేరు కావాలి, ఒకరికి మనుషులు కావాలి. ఒకరి దగ్గర ఉన్నదే ఇంకొకరికి కనబడేది.

మామ పోయి ఏడాది కాలేదు, బావ ఒక మాట ఎత్తాడు. కోరుట్ల బావమరిదిని, అంటే మా యారాలి అన్నను, కంపెనీలో డైరెక్టరుగా తీసుకోవాలని. కొత్త యంత్రం అతను తెస్తాడట. మా ఆయన ససేమిరా అన్నాడు. ఆయన కారణాలు ఆయనకున్నాయి. నాకైతే ఒకటే కారణం, చీరలతో మొదలైన కోరుట్ల చివరికి మిల్లులోకి కూడా వస్తుందని. రాత్రింబవళ్ళు అది నూరిపోసింది నేనే అని మా యారాలు ఇప్పటికీ అంటుంది, నేను కాదనను. చెరి సగం కాబట్టి ఎవరి మాటా నెగ్గదు. బ్యాంకులో ఇద్దరి సంతకాలూ కావాలి, ఒకరు పెడితే ఒకరు పెట్టరు. బొగ్గు రాలేదు, బాయిలరు చల్లారింది. సాంచెలవాళ్ళు వచ్చి గేటు దగ్గర నిలబడి, చూసి పోయేవాళ్ళు. మిల్లు మీద బతికే ఇళ్ళలో పొయ్యి వెలగని పూటలు మొదలయ్యాయి. అప్పుడు ఆడిటరు వచ్చి ఇద్దరితోనూ విడివిడిగా ఒకే మాట చెప్పిపోయాడు. మీ అక్క ఎటు చెయ్యెత్తితే మిల్లు అటే అని.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో జరిగిన చోద్యం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అంతదాకా వదినె రెండు ఇళ్ళకూ వండి పెట్టి, మిగిలింది తినే మనిషి. ఇప్పుడు మా యారాలు పొద్దున్నే చాయ గ్లాసు సాసరులో పెట్టి ఆమె గదికి పంపింది. నేను ఊరుకుంటానా, మధ్యాహ్నం కూర్చోబెట్టి తలకు నూనె పెట్టాను. యారాలు వదినెను వేములవాడ తీసుకుపోయి రాజన్నకు కోడె మొక్కు కట్టించింది. నేను మా జగిత్యాల దారి పట్టించి కొండగట్టు అంజన్న దర్శనం చేయించాను. అటు సర్వపిండి, ఇటు మక్కగారెలు. వదినె ఎవరినీ కాదనేది కాదు. పిలిచిన చోటికల్లా పోయేది, పెట్టిందల్లా తినేది. ఆ వానాకాలంలో ఆమె రవికలన్నీ కుట్లు విప్పి వదులు చేయవలసి వచ్చింది. ఎవరి మిషను మీద విప్పాలన్నది కూడా పోటీయే. ఆమె మా యారాలి వాకిట్లో కూర్చుని నవ్విన నవ్వు గోడ ఇవతలికి వినబడితే నా చేతిలో పని ఆగిపోయేది. ఏం మాట చెప్పి నవ్వించిందో, మా ఇంట్లో అంత గట్టిగా ఎందుకు నవ్వదో. మొగుడు పరాయి ఆడదానితో మాట్లాడినా అంత మండేది కాదేమో.

ఒకనాడు మా చిన్నారి కూతురు ఆమె ఒడిలో పడుకుంటే, తల నిమురుతూ, నాదంతా ఈ పిల్లకే అంది వదినె. పిల్లల్ని ముద్దు చేస్తూ పెద్దవాళ్ళు అనే మాటే. నేను ఆ మాటను చెవిన వేసుకుని మా ఆయనకు చెప్పాను, ఆయన వకీలుకు చెప్పాడు. ఈలోగా బావ సిరిసిల్ల కోర్టులో దావా వేయనే వేశాడు. ఆ షేరు తండ్రి కొన్నది పెద్దకొడుకైన తన సంపాదనతోనేనని, అక్క పేరు ఉత్త పేరేనని, అసలు యజమాని తానేనని. మా వకీలు జవాబు రాశాడు. షేరు ఆమెదే కానీ, దాన్ని ఆమె మా బిడ్డకు ఇచ్చేసిందని. రెండు కాగితాలు రెండు దిక్కుల నుంచి పోయి కోర్టులో కలిశాయి. రెంటిలోనూ ఉన్నది ఒక్కటే, అది ఆమెది కాదని.

కోర్టు అమీను నోటీసు తెచ్చిన రోజు వదినె వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చాట పక్కన పెట్టి, కాగితాలు తీసుకుని నిదానంగా దావానూ జవాబునూ చదివింది. మేమిద్దరం చెరొక గుమ్మంలో నిలబడి ఉన్నాం. ఆమె తలెత్తి మొదట మా యారాలిని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"నాదని అనేటోళ్ళు ఈ ఇంట్ల ఒక్కలన్న లేరా?" అంది.

ఆమె మళ్ళీ చాట అందుకుంది. ఆ పూట నుంచి మాత్రం మా ఇద్దరి ఇళ్ళలోనూ తినడం మానేసింది. మాకు వండిపెడుతూనే, తన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తన గంజి తను కాచుకుంది. నా మక్కగారెలు పంపితే తిరిగి వచ్చాయి. మా యారాలి సర్వపిండి కూడా తిరిగి వచ్చిందని తెలిసిన తర్వాతే నాకు కొంచెం ఊపిరాడింది.

సాక్ష్యం నాటికి కోర్టు ఆవరణ నిండిపోయింది. పని లేని మిల్లువాళ్ళు, సాంచెలవాళ్ళు, బీడీలు చేసే ఆడవాళ్ళు పనిచాటలు పట్టుకుని మరీ వచ్చారు. మఫ్టీలో పోలీసులు కూడా వచ్చారు, వాళ్ళను గుర్తు పట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, వాళ్ళ బూట్లే చెప్పేవి. పంతులు భార్యను ఎవరెవరు చూడటానికి వస్తారో చూడటం వాళ్ళ పని. వదినె నేత చీర కట్టుకుని బోను ఎక్కింది. ఆమె నడిచి వస్తుంటే ఆ జనమంతా, ఎవరూ చెప్పకుండానే, లేచి నిలబడ్డారు. నేను అప్పటికి అరగంట ముందే వచ్చాను, నన్ను చూసి జరిగి చోటిచ్చినవాడు కూడా లేడు. అంత గొడవలోనూ నాకు మొదట తట్టింది అదే.

బావ వకీలు కరీంనగర్ నుంచి వచ్చినవాడు, గొంతు పెద్దది. నీ భర్త ఎక్కడున్నాడని అడగడంతోనే మొదలుపెట్టాడు. ఆ ప్రశ్నకు షేరుతో పని లేదు, ఆమెను బెదరగొట్టడానికే అడిగాడు. మా బావ తల వంచుకోవడం నేను చూశాను. అది అడగమని ఆయన చెప్పి ఉండడు.

"మీకు తెలిస్తె చెప్పుండ్రి. నేను గూడ గదే ఎదురుచూస్తున్న" అంది వదినె.

జడ్జిగారు ఆ ప్రశ్న కొట్టేయించి, కంపెనీ సంగతి అడగమన్నాడు. షేరుకు నువ్వు డబ్బు పెట్టావా అంటే లేదంది. మరి తండ్రి నీకెందుకిచ్చాడో చెప్పమన్నాడు వకీలు.

"కొడుకులకెందుకిచ్చిండో నాకూ గందుకే ఇచ్చిండు. వాళ్ళనడిగిండ్రా గీ మాట?"

తర్వాత మా వకీలు లేచాడు. తమ్ముడి కూతురి తల మీద చెయ్యి వేసి నాదంతా నీకేనని అనలేదా అన్నాడు. నేను ముందు వరుసలో చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. వదినె నావైపు చూడలేదు. అన్నానంది. ప్రేమకు అన్నానంది. చచ్చినంక అని అన్న, బతికుండంగనే కాదు అని, ఇంకా బతికే ఉన్న గద సార్ అని జడ్జిగారిని చూసి అంది. ఆయన నవ్వాపుకోలేక ఏదో రాసుకుంటున్నట్టు తల దించాడు.

తీర్పు రావడానికి చాలా కాలం పట్టింది. ఆ మధ్యకాలంలో కోర్టు మాట మీద ఏదో ఏర్పాటు జరిగి మిల్లు కుంటుతూ నడిచింది. చివరికి, షేరు ఆమెదే, ఇంకెవరిదీ కాదని వచ్చింది. ఆ వారమే కంపెనీ మీటింగు పెట్టారు. ఆడిటరు వచ్చాడు. తమ్ముళ్ళిద్దరూ పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలా తల దువ్వుకుని కూర్చున్నారట, అక్క ఎటు మొగ్గుతుందో అని. వదినె వచ్చి, నిలబడే ఒక్క మాట అడిగిందట, బాపు కుర్చీ ఏదని. మామ పోయినప్పటి నుంచి దాన్ని గోడౌనులో బస్తాల వెనక పడేశారు. తెప్పించి, తుడిపించి, దాంట్లో కూర్చుంది. కోరుట్ల మనిషిని తీసుకోవడానికి ఒప్పుకోనంది, మా ఆయన మొహం వెలిగింది. అలాగని మిల్లు చిన్నవాడి చేతికి ఇవ్వననీ అంది. ఇద్దరిలో ఎవరు అమ్మకం మాటో చీలిక మాటో ఎత్తితే తన చెయ్యి రెండోవాడి వైపు లేస్తుందని చెప్పి, రేపటి నుంచి తానే రోజూ మిల్లుకు వస్తానంది. చేసేదేముంది, ఇద్దరూ సరే అన్నారు.

అప్పటి నుంచి మా ఇళ్ళలో ఒక వింత మార్పు వచ్చింది. మిల్లులో వదినెను పెద్దమ్మ అనసాగారు, ఏ మాటైనా పెద్దమ్మనడుగు అనడమే. ముందు గదిలోకి వచ్చే నూలు వ్యాపారి మా బావకు ఉత్త నమస్కారం పెట్టి ఆమె ఎదుట కూర్చునేవాడు. కష్టాలు చెప్పుకునే కార్మికుడు బాయిలరు దాటి ఆమె దగ్గరికే పోయేవాడు. బావకు పేరు పోయింది, మా ఆయనకు మనుషులు పోయారు. ఒక సాయంత్రం ఇద్దరూ అరుగు మీద పక్కపక్కన కూర్చుని చాయ తాగుతూ అక్క గురించి సణుక్కోవడం చూశాను. మామ పోయాక వాళ్ళు అలా కూర్చోవడం అదే మొదలు. ఇటు మాకేమో, వంట చేసి పెట్టే మనిషి పొద్దున్నే తయారై రిక్షా ఎక్కి మిల్లుకు పోతుంటే, అంట్ల ముందు మేం మిగిలాం. ఒకరోజు మా యారాలు గోడ మీదుగా, "చూసినవా చెల్లె, చేతికి గడియారం గూడ పెట్టింది" అంది. చూశాను అక్కా, చీర కుచ్చిళ్ళు కూడా మార్చింది అన్నాను. అలా మాకు మాటలు కలిశాయి. దావా నడిచినన్నాళ్ళూ ఎదురుపడితే తల తిప్పుకున్న మేం, వదినె మీద కుళ్ళుతో అక్కాచెల్లెళ్ళమయ్యాం. సర్వపిండిలో ఆమె నువ్వులు ఎప్పుడు వేస్తుందో నాకు తెలిసింది ఆ రోజుల్లోనే.

తర్వాత గడ్డుకాలం వచ్చింది. అడవుల్లో, ఊళ్ళలో ఎన్‌కౌంటర్లు, రోడ్ల మీద పేలుళ్ళు, బస్సుల తనిఖీలు. ఎవరు ఎవరికి అన్నం పెట్టారన్నది కూడా నేరమే. మిల్లు లాభం అడవికి పోతోందని ఎవరో పోలీసుల చెవిన వేశారు. ఒక మధ్యాహ్నం జీపు వచ్చి వదినెను స్టేషనుకు తీసుకుపోయింది. బావ సఫారీతోనే పరిగెత్తాడు, మా ఆయన గంజి చేతులతోనే పరిగెత్తాడు. లోపల జరిగింది ఇద్దరూ నాకు వేరువేరుగా చెప్పారు, రెండూ ఒకటే. కంపెనీలో ఆమె వాటా ఏమిటని సర్కిలు ఇన్‌స్పెక్టరు గద్దించి అడిగితే బావ ముందుకొచ్చాడట.

"గా షేరు నాది సార్. ఆమె ఉత్త పేరుకే. కావాల్నంటె కోర్టు కాయితాలు చూడుండ్రి, కేసేసింది నేనే."

మా ఆయన వెంటనే అడ్డమొచ్చి, కాదు సార్, నా బిడ్డకు ఎప్పుడో ఇచ్చింది, నాదే అన్నాడట. కోర్టులో ఏ మాటలు అక్కను కొట్టేయడానికి వాడారో, ఆ మాటలతోనే ఆమెను దాచాలని చూశారు. ఏమన్నా చేస్తే తమను చెయ్యమని ఇద్దరూ బల్ల ముందు తోసుకున్నారు. సర్కిలుకు మతి పోయిందట, ఒక్క షేరుకు ఇంతమంది యజమానులా అని. వదినె బెంచీ మీద నుంచి లేచింది.

"ఊకోండ్రి తమ్మి. ఉన్నదాన్ని లేనిదానోలె బతకలేను. సార్, షేరు నాది. ఏమన్న అడిగేదుంటె నన్నడుగుండ్రి."

పొద్దు వాలేదాకా అడిగారు. మిల్లు లెక్కలన్నీ తిరగేశారు, ఏమీ దొరకలేదు. వదిలిపెట్టారు కానీ రోజూ వచ్చి సంతకం పెట్టమన్నారు. ఆ ఏడాదంతా తమ్ముళ్ళు వంతులు వేసుకుని స్కూటరు మీద ఆమెను స్టేషనుకు తీసుకుపోయారు. వంతు కానివాడు కూడా స్కూటరు తుడుచుకుని సిద్ధంగా ఉండేవాడు. నన్ను మా ఆయన స్కూటరు మీద ఎక్కించుకుని సినిమాకు తీసుకుపోయింది ఎన్నిసార్లో వేళ్ళ మీద చెప్పగలను. వెనక సీటు మీద ఒద్దికగా కూర్చుని పోయే వదినెను చూసి, ఆమె పోయేది పోలీసు స్టేషనుకని తెలిసీ, నాకు గుండెలో చురుక్కుమనేది. ఇంత దిక్కుమాలిన అసూయ ఇంకెక్కడైనా ఉంటుందా అని మా యారాలితో అంటే, నీకొక్కదానికేనా అంది.

పంతులు గురించి కబురు ఒక ఎండాకాలంలో వచ్చింది. అడవిలో జ్వరమొచ్చి పోయాడని, అది కూడా ఎప్పుడో రెండేళ్ళ కిందటే అని. తెచ్చినవాడు గేటు దగ్గరే చెప్పి వెళ్ళిపోయాడు. చూడటానికి మనిషి లేడు, చెయ్యడానికి కర్మ లేదు. రెండేళ్ళుగా ఆమె ఎదురుచూసింది లేని మనిషి కోసం. వదినె ఆ పూట మిల్లు నుంచి నడిచే వచ్చింది. నేనూ మా యారాలూ ఆమెకు చెరోపక్కన కూర్చున్నాం. మా ఇద్దరినీ చూసి వదినె అంది.

"మీరిద్దరు నన్ను చూసి కుళ్ళుకుంటరని నాకెరుకే. నేను మిమ్ముల చూసి ఎంత కుళ్ళుకున్ననో మీకెరుక లేదు. పొద్దూకితె మీ మొగోళ్ళు ఇంటికొస్తరు."

మా యారాలు మొహం కొంగులో దాచుకుంది. నాకు సాయంత్రాలు గుర్తొచ్చాయి. మా ఆయన కాళ్ళు కడుక్కోవడానికి చెంబు అందిస్తూ, అన్నం దగ్గర పోట్లాడుతూ, ఆలస్యమైందని సాధిస్తూ గడిపిన సాయంత్రాలు. ఆ వేళకల్లా వదినె తన గది తలుపు దగ్గరగా వేసుకునేది. పేపరు చదువుకుంటుంది కాబోలనుకునేదాన్ని.

మిల్లు ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది. కరెంటు కోతలు, కొత్త యంత్రాలతో పెద్ద మిల్లులు వచ్చి మెల్లగా మూత పడింది. బావ పోయాడు. వదినె ఒక చలికాలంలో, చివరిదాకా ఎవరి చేతా నీళ్ళు తాగించుకోకుండా, తన గదిలోనే పోయింది. మా ఆయన ఆ తర్వాతి ఏడాది పోయాడు. వదినె తన షేరును మా ఇద్దరి కూతుళ్ళకూ కలిపి రాసింది. అప్పటికి దాని విలువ ఏమీ లేదు, స్థలం అమ్మినప్పుడు చేసిన సంతకాల్లో ఒక సంతకం, అంతే. కానీ కలిపి రాసినప్పుడు ఒక పేరు ముందు ఉండాలి కదా. మా యారాలి కూతురి పేరు ముందుంది. పెద్దది కాబట్టి ముందు రాసి ఉంటుంది. ఆ సంగతి మా యారాలు కోరుట్ల నుంచి పనిగట్టుకుని ఫోను చేసి చెప్పింది. నేను సంతోషమక్కా అని ఫోను పెట్టేసి, ఆ పూట అన్నం తినలేదు.

ఆమె ఇప్పుడు కోరుట్లలో ఉంటుంది, నేను జగిత్యాలలో. రోజూ పొద్దున చాయ వేళకు ఫోను చేసుకుంటాం. ఆమె మోకాళ్ళు నా మోకాళ్ళ కంటే ఎక్కువ నొస్తాయని ఆమె అంటుంది, నేను ఒప్పుకోను. పోయిన వారం రెండు రోజులు ఆమె ఫోను రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. మూడో రోజు, ఆస్పత్రిలో ఉంచారనీ ఏం లేదనీ చెప్పి, మళ్ళీ మామూలుగా కోడలి మీద ఫిర్యాదులు మొదలుపెట్టింది. విన్నంతసేపు విని ఫోను పక్కన పెట్టాక చూసుకుంటే నా చాయ తాగకుండానే చల్లారిపోయి ఉంది. ఆమె నాకంటే ఒక అడుగు ముందుంటే ఓర్వలేకనే ఇన్నేళ్ళు గడిపాను. ఆ ఓర్వలేనితనం ఇప్పటికీ పోలేదు, కాకపోతే ఇప్పుడు నేను భయపడేది ఆమె నాకంటే ముందు వెళ్ళిపోతుందేమోనని. మనసు అదే, మంట అదే, వయసు మీద పడ్డాక దానికి అర్థం మాత్రం ఎప్పుడు మారిపోయిందో నాకు తెలియనే లేదు.